సంతకానికి ముందు రెండుసార్లు

వేమవరపు సూర్యనారాయణమూర్తి గారు పరమపదించారని గురువారం ఉదయం వారి అమ్మాయి ఫోన్ చేసి చెబితే నేను నమ్మలేదు. అంతకు మూడు రోజుల ముందే రాజోలు పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని, "ఏమోయ్ అల్లవరం, కళ్లజోడు మార్చేవా?" అని ఆటపట్టించిన మనిషి. మా ఊరి పేరుతోనే నన్ను పిలవడం ఆయనకు ఢిల్లీలో కలిసి పనిచేసిన నాటి అలవాటు. ఆ పిలుపు ఇక వినబడదన్న నిజం నాకింకా మింగుడు పడడం లేదు.

ఆయన చేసిన ఉద్యోగమేమిటో ఊళ్లో చాలామందికి తెలియదు. దేశాల మధ్య ఉత్తరాలు, పార్శిళ్లు ఎలా నడవాలో తేల్చే అంతర్జాతీయ తపాలా మహాసభకు మన ప్రతినిధులు వెళతారు. వారు ఏ తీర్మానానికి చేయెత్తాలో, దేనికి ఎత్తకూడదో ప్రభుత్వం రాతపూర్వకంగా ఆదేశిస్తుంది. ఆ ఆదేశపత్రం తయారయ్యే విభాగానికి ఆయన అధికారి. నేను ఆయన కింద గుమాస్తాను.

సెలవుకు వచ్చినప్పుడల్లా, రిటైరయ్యాక రోజూ, ఆయన రాజోలు పోస్టాఫీసులో కూర్చుని, గల్ఫ్‌కు పార్శిళ్లు పంపే ఆడవాళ్లకు లోపలి వస్తువుల జాబితా రాసిపెట్టేవారు. రాసింది రెండుసార్లు చదివి వినిపించాకే సంతకం పెట్టించేవారు. "ఈ బల్ల మీద కూర్చోకుండా అక్కడ ఫైలు రాస్తే గాలిలో మేడలు కట్టడమేనోయ్" అనేవారు.

ఆయన బతికుండగా బయటపెట్టనని మాటిచ్చిన సంగతి ఒకటి ఇప్పుడు చెప్పాలి.

ఒక ఏడు మహాసభ ముందుకు కొత్త నిబంధన వచ్చింది. లోపలి వస్తువుల వివరం ముందుగా కంప్యూటర్‌లో పంపని పార్శిల్‌ను సరిహద్దు నుంచే తిప్పి పంపేస్తారు. మన పల్లె పోస్టాఫీసుల్లో అప్పటికి ఆ యంత్రాలు లేవు. చిన్న పోస్టాఫీసులకు గడువిస్తేనే సమ్మతించాలని మూర్తిగారు నిర్ణయించారు. పత్రం రాసింది నేను. మా గుమాస్తాల పాడలవాటు ప్రకారం పాత నోటులోని వాక్యాన్ని దించేశాను: "మన దేశం సమ్మతిస్తుంది." గడువు మాట జారిపోయింది. పైవాళ్ల సంతకాలతో పత్రం వెళ్లిపోయింది.

ఓటింగ్ నాటి ఉదయం ఆయన తన ప్రతిని మళ్లీ చదువుతూ ఆగిపోయారు. అందులో గడువు మాట లేదు. ఓటింగ్‌కు రెండు గంటలే ఉంది. ప్రతినిధి బృందం నాయకుడికి ఫోన్ చేస్తే, పత్రంలో లేని షరతు నోటిమాట మీద ఎలా పెడతానని ఆ నాయకుడు విసుక్కున్నారు. మూర్తిగారు గొంతు పెంచలేదు. "సంతకం నేను తెస్తాను. అందాకా మీ చేయి కిందే ఉంచండి" అన్నారు.

సంతకం చేయాల్సిన మా శాఖ కార్యదర్శి సమావేశంలో ఉన్నారు. లోపలికి వీల్లేదన్నారు. సవరణ కాగితం పట్టుకుని మూర్తిగారు తలుపు దగ్గర నిలబడ్డారు. పక్కనే నేను గోడ గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెడుతున్నాను. గంటంబావు గడిచాక ఆయన ఎవరినీ అడగకుండా తలుపు తోసుకుని వెళ్లారు. బయటికి వచ్చేసరికి కాగితం మీద సంతకం ఉంది. ఓటింగ్‌కు పది నిమిషాల ముందు అది ఫ్యాక్స్‌లో అక్కడికి చేరింది. మన షరతును సభ ఒప్పుకుంది.

తప్పెవరిదని తరువాత సంజాయిషీ అడిగారు. "నాదే" అని రాసిచ్చారాయన. రావలసిన పదోన్నతి ఆగిపోయింది. నేను కాళ్ల మీద పడబోతే భుజం పట్టి లేపారు.

"నువ్వు రాసేవు, నేను సరిగా చదవకుండా పైకి పంపేను. పర్యవేక్షణంటే చదవడమేనోయ్. మరి పెద్ద తప్పెవరిది?"

ఆయన నీడన తలదాచుకుని నేను నిక్షేపంగా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

అంత్యక్రియల మర్నాడు కాళ్లు వాటంతట అవే పోస్టాఫీసుకు నడిచాయి. భర్త మస్కట్‌లో ఉన్న సత్యవతిగారు తాండ్ర, లుంగీలు మూటగట్టుకుని బల్ల దగ్గర ఎదురుచూస్తున్నారు.

"మూర్తిగారు ఇంకా రాలేదేంటండీ?"

"ఇంక రారండీ. మొన్న పోయేరు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. మూట పక్కన పెట్టి కాగితం నా ముందుకు జరిపారు. "మీరు రాస్తారాండీ? ఆయనగారు చదివి వినిపించేవోరు."

"ఆయ్, వినిపిస్తానండీ."

అటువంటి అధికారి, అటువంటి గురువు నాకు మళ్లీ దొరకరు. మూర్తిగారూ, మీ బల్ల మీదే కూర్చుని రాశాను. ఈసారి సంతకానికి ముందు రెండుసార్లు చదివాను.