గొర్రె అయిన హెడ్మాస్టరు మీద పంచాయితీ

పిల్లలు ఏది చూడొచ్చో ఏది చూడకూడదో ఇప్పుడు ఫోనే ఒక మూల వయసు అంకె వేసి చెప్పేస్తోంది. ఆ రోజుల్లో సూర్యాపేటలోని మా కిరాయి ఇంట్లో ఆ పని అమ్మ చేసేది. అమ్మకు తోచకపోతే ఇంటి ఓనరు కోదాడ ఆంటీ చేసేది. ఇద్దరికీ కుదరకపోతే మోతె నుంచి పెదనాయన దిగాల్సిందే. (నాయన మేళ్లచెరువు సిమెంటు లారీ మీద నెలలో ఇరవై రోజులు తిరిగేవాడు. ఆయన అభిప్రాయం కనుక్కునేలోపు సీరియలే అయిపోయేది.) నాకప్పుడు పదకొండేళ్లు. సాయంత్రం ఆరున్నరకు డబ్బింగులో వచ్చే ఒక మాయల సీరియలంటే ప్రాణం. అందులో నా ఈడు పిల్ల ఒకతి జడ విసిరిందంటే చాలు, ఎదుట ఉన్నది కుర్చీ అయితే ఎగిరేది, మనిషైతే ఏదో ఒక జంతువయ్యేది. ఆ వారం ఆమె తన హెడ్మాస్టరును గొర్రెను చేసేసి, మళ్లీ మనిషిని చేసే విధం మరిచిపోయింది! మా ఆరో తరగతి మొత్తానికి అన్నం సహించలేదు.

ఆ ఊపులో నేనొక ఘనకార్యం చేశాను. ట్యూషన్లో పదమూడో ఎక్కం అడిగిన సారు ముందు నిలబడి, రిబ్బను బిగించిన నా జడను బలంగా విసిరాను. సారు గొర్రె కాలేదు. జడ వెళ్లి ఆయన చేతిలోని చాయ్ గ్లాసుకు తగిలింది, చాయంతా తెల్లచొక్కా మీద పడింది. వెనకాల పిల్లలంతా ఆయన 'మే' అంటాడేమోనని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన ఆ చొక్కాతోనే మా ఇంటికి నడిచాడు.

"నేను ముందే చెప్పానమ్మా, ఆ సీరియల్ పిల్లల్ని పాడు చేస్తుందని. ముందు ఆ కేబులు తీయించెయ్యి" అంది కోదాడ ఆంటీ. "మా బావను రానియ్యక్కా. ఆయన ఏమంటే గదే" అంది అమ్మ.

మా పెదనాయన గొర్రెల మనిషి. మా వాళ్లలో ఏ తగాదా వచ్చినా తీర్పుకు ఆయన్నే పిలిచేవారు. ఆయనకు రెండు కట్టుబాట్లు ఉండేవి. చేతికర్ర నడుమ పెట్టాడంటే తీర్పు చెప్పేదాకా తీయకూడదు. రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. సోమవారం భుజాన గొంగడితో దిగాడు, చాప మీద కూర్చున్నాడు, కర్ర నడుమ పెట్టాడు. ఆంటీ మాట విన్నాడు, నా ఏడుపు విన్నాడు. "ఇగ అవతలోళ్ల మాట గూడ ఇనాలె" అన్నాడు.

"అవతలోళ్లెవరు బావా?" అంది అమ్మ.

"గా టీవీ. పెట్టుండ్రి."

తీర్పు ఆంటీ వైపు తిరిగిందంటే కేబులు ఖతం, ఆ హెడ్మాస్టరు నా మటుకు జీవితాంతం గొర్రెగానే మిగిలిపోతాడు. సీరియల్ మొదలైంది. జడ విసరగానే ఇడ్లీ పళ్లెం గాల్లోకి లేచింది, పెదనాయన రెప్ప వేయలేదు. లావుపాటి డ్రిల్లు సారు బురదలో జారి పడితే మీసాల చాటున నవ్వాడు. గెలిచేశాననుకుని నేను చాప మీదే ఎగిరాను! అంతలో హెడ్మాస్టరు గొర్రె కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. పెదనాయన ముఖం మారిపోయింది.

"గిదేంది?"

"గొర్రె, పెదనాయనా. హెడ్మాస్టరు."

"గొర్రెనా? తోక సూడు, పైకి లేసుంది. గొర్రె తోక కిందికి యాలాడుతది. గిది మేక!"

పెదనాయన అమ్మ వైపు తిరిగాడు. "మాయలు చేసుకోనియ్, నవ్వులాట. సారును జంతువును చేసినా పిల్లల కథ అనుకుంట. గని మేకను సూపెట్టి గొర్రె అంటుండ్రు. గిట్ల కండ్ల ముంగట అబద్ధమాడేదాన్ని పిల్లలకు సూపెట్టొచ్చునా?" అంటూ కర్ర మీద చెయ్యి వేశాడు.

"పెదనాయనా, ఆగు!" అని అరిచాను. "ఆ పిల్ల గొర్రెనే చెయ్యబోయింది. కొత్తగ నేర్సుకుంటుంది గదా, తప్పిపోయి మేకయింది. రేపు ఆమెకే తెలుస్తది!" (అంతా అప్పటికప్పుడు అల్లింది. ఆ సీరియల్లో ఎవరికీ మేకకూ గొర్రెకూ తేడా తెలియదని నాకు తెలుసు.)

ఆయన నా వంక చాలాసేపు చూశాడు. "రేపు తెలుస్తదా?"

"పక్కా తెలుస్తది!"

"అయితె రేపటికి వాయిదా."

మంగళవారం ఆ పిల్లకు తెలియలేదు. బుధవారమూ తెలియలేదు. సీరియల్ అయిపోగానే పెదనాయన నా వైపు తిరిగి "ఇంక తెల్వలే?" అనేవాడు, "రేపు, పెదనాయనా" అనేదాన్ని, వాయిదా పడేది. గొర్లు పరేషాన్ చేస్తున్నయి, జల్ది రమ్మని మోతె నుంచి కబురొస్తే "పంచాయితి తెగలే" అని తిప్పి పంపాడు. ఫిర్యాది పక్షం కోదాడ ఆంటీ గురువారానికి సొంత కుర్చీ, ఉడకబెట్టిన పల్లీలు తెచ్చుకుంది. "అయ్యో, అటు కాదే! జడ ఎడమ పక్కనుంచి విసురు!" అని టీవీ మీద కేకలు వేసింది. అమ్మ ఆరింటికే అన్నం వార్చి వచ్చి కూర్చునేది. శనివారం ఆ పిల్ల నిజంగానే ఎడమ పక్కనుంచి విసిరింది. మెరుపు మెరిసింది, మేక ఉన్నచోట హెడ్మాస్టరు నిలబడ్డాడు. "అయిండు! మనిషైండు!" అని పెదనాయన తొడ చరిచాడు. ఆంటీ ఒళ్లో పల్లీలన్నీ నేలపాలు. నేను అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. అంత సంతోషం ఆ ఇంట్లో నాకు మళ్లీ గుర్తు లేదు.

అప్పుడు ఆయన కర్ర తీశాడు. "సీరియల్ అబద్ధాలాడుతుంది. అందుకని ఈ పిల్ల ఒక్కతే సూడొద్దు. పెద్దోళ్లు పక్కన కూసొని, ఏది గొర్రెనో ఏది మేకనో చెప్పుకుంట సూడాలె. రేపు సారు కాడికి పోయి తప్పైందని చెప్పి, ఆ అంగి తన చేతులతోని ఉతికియ్యాలె."

"నాకు వంట పనాయె. పక్కన ఎవలు కూసుంటరు బావా?" అంది అమ్మ.

"శనివారం శనివారం నేనొస్త."

"మిగతా రోజులు నేను కూర్చుంటాలే" అంది ఆంటీ, పల్లీలు ఏరుకుంటూ.

పెదనాయనను ఆరు రోజులు బోల్తా కొట్టించానని ఎన్నేళ్లు గర్వపడ్డానో! మొన్న మిర్యాలగూడలో మా అమ్మాయి పక్కన కూర్చుని అట్లాంటిదే ఒక మాయల షో చూస్తున్నాను. (నాది తనిఖీ అట.) ఒక పిల్ల మంత్రం చదివి టీచరు నోరు మూయిస్తే "ఇదేం మర్యాదే, ఆపెయ్" అన్నాను. "అమ్మా, ఆగు! ఆమె మంచి కోసమే చేసింది, రేపు టీచరే థాంక్స్ చెప్తది చూడు!" అంది నా కూతురు, కళ్లు ఇంతింత చేసి. ఆ భాగం తనూ చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి, చేతులు ఒకచోట నిలవడం లేదు, అది అబద్ధమని ముఖమంతా రాసి ఉంది. అప్పుడు తెలిసింది, ఆ సోమవారం నాడే పెదనాయన నన్ను పట్టేశాడని. వచ్చిన నవ్వును ఎట్లాగో మింగి "రేపు చెప్తదా?" అన్నాను.