అక్క పాడినట్టే

నా చిన్నప్పుడు నేను ఒకే ఒక్క పిల్లను చూసి కుళ్లుకున్నాను. చూసి అంటున్నానే గాని, ఆ పిల్లను నేను ఏనాడూ చూడలేదు. మాది రేపల్లె. ఆ పిల్లది సముద్రం అవతల, టాంజానియా దేశంలో ఒక కొండ పక్క ఊరు. అంత దూరాన ఉన్న మనిషి మీద అంత కుళ్లు ఎలా పుట్టిందో చెప్పాలంటే ముందు మా పిన్ని సంగతి చెప్పాలి.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. మిషన్ బడిలో పాటల టీచరు. బాపట్ల నుంచి వచ్చిన మా బాబాయి అదే బడిలో వయొలిన్, డోలక్ నేర్పేవాడు. ఇద్దరికీ పిల్లలు లేరు కాబట్టి నేనే వాళ్ల పిల్లనని నాకు నేనే తీర్మానించుకున్నాను. సాయంత్రం బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి వాళ్ల గదికి పరుగెత్తేదాన్ని. పిన్ని రెండు చేతులతో హార్మోనియం మెట్లు నొక్కుతుంటే, ఎదురుగా కూర్చుని తిత్తి ఆడించడం నా పని. తిత్తి ఆడకపోతే హార్మోనియం పలకదు గనక, నేను లేకపోతే పిన్నికి పాటే లేదని నా గొప్ప. పెద్దయ్యాక ఆ హార్మోనియం ఎలాగూ నాదేనన్న ధీమా కూడా ఉండేది.

నాకు పదేళ్లప్పుడు, టాంజానియా చర్చి వాళ్లు పిల్లలకు పాట నేర్పేవాళ్లు కావాలని అడిగితే, మా సంఘం వాళ్లిద్దరినీ మిషనరీలుగా పంపింది. హార్మోనియాన్ని బొంతలో చుట్టి, గోనెసంచిలో పెట్టి కుట్టడం నా కళ్లతో చూశాను. స్టేషనుకు అందరూ వెళ్లారు. నేను మాత్రం కడుపునొప్పని మంచం దిగలేదు. పిన్ని వచ్చి నా తల నిమిరితే కళ్లు గట్టిగా మూసుకున్నాను.

నెలకొక ఉత్తరం వచ్చేది. అమ్మ పైకి చదివేది, అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. పొద్దున్నే బాబాయి రెండు బకెట్లతో నీళ్లు మోసుకొస్తాడట. మొక్కజొన్న పిండితో సంకటి చేసుకుని, తీసుకెళ్లిన ఆవకాయను ఆదివారాల్లో మాత్రం ఒక్కొక్క ముక్క వేసుకుంటారట. వాన పడితే రేకుల కప్పు మీద ఆ చప్పుడుకు గొంతులు వినపడవు గనక, పాఠం ఆపి వాన వెలిసేదాకా ఊరికే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారట. అక్కడి పిల్లలకు నాలుగు గొంతులు కలిపి పాడటం ఎవరూ నేర్పనక్కర్లేదట. తాళం నేర్పడానికి వెళ్లిన బాబాయి వాళ్ల దగ్గరే తాళం నేర్చుకుంటున్నాడని పిన్ని రాస్తే, ఇంటిల్లిపాదీ నవ్వారు.

నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ ఉత్తరంలోనే ఇంకో ముక్క ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి అందరికంటే ముందొచ్చి కూర్చుని, హార్మోనియం తిత్తి ఆడిస్తుందట. అచ్చం మన అమ్మాయిలాగే అని రాసింది పిన్ని. నా ఒళ్లు మండిపోయింది. నాలాగే ఏంటి? నా చోట్లో కూర్చోమని దానికెవరు చెప్పారు? ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ ఆ పిల్ల ప్రస్తావనే. ఆ పిల్లకు జ్వరం తగ్గింది. ఆ పిల్ల తెలుగులో పది దాకా లెక్కపెడుతోంది. పేరు కూడా రాసేది. ఇంట్లో అందరి నోళ్లలో ఆ పేరు నానేది. నేను మాత్రం ఒక్కసారి కూడా పలకలేదు. 'ఆ పిల్ల' అనేదాన్ని, అదైనా అవసరమైతేనే.

అలా ఉండగా పిన్ని నా పేరిట ఒక కోరిక రాసింది. మా తాతయ్య, అంటే పిన్ని తండ్రి, చెరుకుపల్లి దగ్గర చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేశాడు. కోత పండుగ ఆరాధనకు ఆయన కట్టిన పాట ఒకటుంది. పుస్తకాల్లో ఎక్కడా లేదు, మా ఇంట్లోనూ మా చర్చిలోనూ నోటి మీదే నడిచేది. పోయేముందు ఆ పాటను ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడు. అక్కడి పిల్లలకూ కోతల కాలం వస్తోందనీ, ఆ పాటను మన ఊరి పిల్ల గొంతులోనే వాళ్లకు వినిపించాలని ఉందనీ, టేపులో పాడి పంపమనీ పిన్ని అడిగింది.

పిన్ని పోయింది, హార్మోనియం పోయింది, ఇప్పుడు తాతయ్య పాట కూడా కావాలా ఆ పిల్లకు! రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది.

టేప్ రికార్డరు తెనాలిలో మా పెదనాన్న గారింట్లో ఉండేది. నాన్న నన్ను ప్యాసింజరు రైల్లో తీసుకెళ్లాడు. మా నాన్నకు పాటకీ రైలు కూతకీ తేడా తెలియదు, అదే నాకు కలిసొచ్చింది. తాతయ్య పాటలో పల్లవి చివరి మాట దగ్గర రాగం పైకెక్కి నిలబడుతుంది. చరణం ఆ ఎత్తు నుంచే అందుకుంటుంది. ఆ పాటకు ప్రాణం అక్కడే. నేను ఆ చోటికి రాగానే మెల్లగా గొంతు సవరించుకుని, ఎక్కాల్సిన దాన్ని కిందికి దించేశాను. పల్లవి వచ్చిన ప్రతిసారీ దించాను. పాడుచేసిన పాటను నేర్చుకుని ఊరేగండి అనుకున్నాను. "బంగారంలా పాడావమ్మా" అన్నాడు నాన్న. తెనాలి పోస్టాఫీసులోనే పార్సిలు కట్టి పంపేశాం.

కొన్ని నెలలకు అక్కడి నుంచి టేపు వచ్చింది. పాస్టరు గారు సంబరపడిపోయి, కోత పండుగ ఆదివారం చర్చిలో అందరికీ వినిపిస్తానన్నారు. టేపుతో పాటు పిన్ని నా పేరు రాసి పంపిన మడత కాగితం ఒకటి వచ్చింది గాని, పంతం కొద్దీ నేను దాన్ని విప్పలేదు.

ఆ ఆదివారం అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. వరి కంకులూ గుమ్మడికాయలూ పెట్టిన బల్ల మీదే టేప్ రికార్డరు పెట్టారు. ముందు పిన్ని గొంతు వచ్చింది. "మా అమ్మాయి పాడి పంపిన పాట. ఇక్కడి పిల్లలు నేర్చుకున్నారండి." తర్వాత ఒక్క గొంతు, సన్నగా, భయం భయంగా. ఆ పిల్లేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలియని భాషలో మాటలను ఒక్కటీ మింగకుండా పాడుతోంది. పల్లవి చివరికి వచ్చింది. మెల్లగా గొంతు సవరించుకుంది. కిందికి దిగింది.

నా సవరింపును కూడా పాటలో భాగమే అనుకుని నేర్చుకుంది!

జనంలో గుసగుసలు లేచాయి. అది తాతయ్య పాడే తీరు కాదని చర్చిలో అందరికీ తెలుసు. అమ్మమ్మ నా వైపు వంగింది. "అక్కడ దిగదు కదే. వాళ్లకెవరు నేర్పారే ఇలా?" ఇంతలో పిల్లలందరూ అందుకున్నారు. నాలుగు గొంతులు కలిపి, నేను కసితో పాడుచేసిన ఆ చోటునే అంత అపురూపంగా, ఒక్కరూ జారకుండా దించారు. ప్రతిసారీ అందరూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు. అమ్మమ్మ పైట చెంగుతో కళ్లొత్తుకుంది. "ఎంత నమ్మకంగా నేర్చుకున్నారే, పాపం" అంది.

ఆ 'పాపం' నాకు గుచ్చుకుంది. ఇంటికెళ్లి తలుపేసుకుని కాగితం విప్పాను.

"పల్లవి చివర మీ తాతయ్య పైకి వెళ్తాడు, నువ్వు దిగావు. ఎందుకో అడగను. నేను సరిచేసి నేర్పబోయాను గాని తిత్తి ఆడించే మన పిల్ల ఒప్పుకోలేదు. అక్క అలా పాడలేదు, అక్క పాడినట్టే పాడతాను అంది. నిన్ను అక్క అనే అంటుంది. అక్క మళ్లీ ఎప్పుడు పాడుతుందని రోజూ అడుగుతోంది. ఇక ఆ పాటను పైకి ఎక్కించగలిగింది నువ్వొక్కదానివే."

ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది, నేనూ ఎదురు తిట్టుకునేదాన్ని. నేను పేరు కూడా పలకనిదానికి నేను అక్కనట. తనకు పాఠాలు చెప్పే టీచరమ్మ మాట కాదని, మోసం చేసిన నా మాట పట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఏడ్చినంత ఏడుపు తాతయ్య పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఏడుపు ఆపుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. "నేనే తప్పు పాడానమ్మమ్మా. కావాలనే."

"తెలుసులే. ఆ గొంతు సవరింపు నీది కాకపోతే ఎవరిదే?" అంది అమ్మమ్మ. బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు. ఇంకో రాయి ఏరి పడేసి, "మీ నాన్నని రేపు సెలవు పెట్టమను. నేనూ వస్తా తెనాలికి" అంది.

నాన్నకు మాత్రం ఆ ప్రయాణం ఎందుకో చివరిదాకా అర్థం కాలేదు. "మొదటిదీ బాగానే ఉందిగా అత్తయ్యా?" అని రైల్లో మూడుసార్లు అడిగాడు. అమ్మమ్మ టేప్ రికార్డరు పక్కనే కూర్చుంది. పల్లవి చివర నేను పైకెక్కి నిలబడితే, నోరు తెరవకుండా తలతోనే తాళం వేసింది.

ఆరేళ్ల తర్వాత పిన్ని, బాబాయి తిరిగొచ్చి బాపట్లలో స్థిరపడ్డారు. హార్మోనియం తేలేదు, ఆ పిల్లకే ఇచ్చి వచ్చారు. అబద్ధం ఎందుకు, ఆ మాట వినగానే పాత మంట ఒకసారి చురుక్కుమంది. అక్కడి పిల్లలు ఇప్పుడెలా పాడుతున్నారని పిన్నిని అడిగాను. అన్నిసార్లూ పైకెక్కి, ఆఖరిసారి మాత్రం దిగుతారంది. అక్క రెండు రకాలూ పంపింది కదా, ఏదీ వదలకూడదని ఆ పిల్ల పట్టుబట్టిందట.

పిన్ని, బాబాయి ఇప్పుడు లేరు. నాకు మోకాళ్లు పట్టేశాయి గాని, కోత పండుగ నాడు రేపల్లె చర్చిలో ఆ పాట ఇప్పటికీ నేనే ఎత్తుకుంటాను. అన్నిసార్లూ తాతయ్య పాడినట్టు పైకెక్కుతాను. ఆఖరిసారి గొంతు సవరించుకుని దిగుతాను. అక్కడ దిగుతావేంటమ్మమ్మా అని మా మనవరాలు మొన్న అడిగింది. అది మా చెల్లెలు పాడే పద్ధతి అన్నాను. నీకు చెల్లెలెక్కడిది అంది. చిన్నప్పుడు ఒక్కసారి కూడా నోట పలకని ఆ పేరు, ఇప్పుడు నాకు తడుముకోకుండా వస్తోంది.

"నేమా" అని చెప్పాను.