ఎదురుకాళ్ళ బిడ్డ

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల కంటే ముందు నా కాళ్ళు బయటికొచ్చాయన్నమాట. పాకాల పక్కన మా పల్లెలో, మా ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టుకున్న నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. అందువల్ల ఆరేళ్ళు నిండేసరికి నేను మా ఊరికి వైద్యురాలినైపోయాను.

ఆదివారం తెల్లారేసరికి మా వసారాలో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. చెనక్కాయలు పెరికి నడుము పట్టేసిన ఆడవాళ్ళు, బస్తాలెత్తిన మగవాళ్ళు. నేను పరగడుపున కాళ్ళు కడుక్కొని వచ్చి, ఎడమ మడమతో మూడుసార్లు వాళ్ళ నడుము తొక్కాలి. ఆ కాసేపూ ఇద్దరం మాట్లాడకూడదు. మూడోసారి అయ్యాక వాళ్ళు లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. పోతూ పోతూ ఒక బెల్లం ముక్కో, గుప్పెడు చెనక్కాయలో గడప మీద పెట్టేవాళ్ళు. నడుములు నిజంగా వదిలేవో లేదో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం పట్టపగ్గాలుండేవి కావు. పెద్దవాళ్ళకు కాలు తగిలితే కళ్ళకద్దుకోవాల్సిన ఊళ్ళో, వాళ్ళ మీద కాలు పెట్టే హక్కు నాకొక్కదానికే ఉండేది మరి.

నాకంటే పదేళ్ళు చిన్నదైన చెల్లెలు కాస్త ఊహ తెలిశాక, పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూసేది. "నేనూ తొక్కుతా" అని ఏడిస్తే అమ్మ నవ్వేది. "నువ్వు అందరి మాదిరి తలకాయతో పుట్టినావు మే, నీకు ఆ పని చేతగాదు" అనేది. అది అలిగి అన్నం మానేసిన రోజులున్నాయి.

ఆ చెల్లెలే ఆరేళ్ళ కిందట తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళకు నిలిచిన కడుపు. తొమ్మిదో నెలలో అమ్మ దాన్ని తిరుపతికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ చూసి చెప్పింది. బిడ్డ కాళ్ళు కిందికున్నాయి, ఇక తిరిగేటట్టు లేదు, నొప్పులొచ్చేదాకా కాచుకోకుండా సోమవారం వచ్చి చేరండి, ఆపరేషన్ చేసి తీస్తాను అని. చెల్లెలు ఆసుపత్రి మెట్ల మీద నుంచే నాకు ఫోన్ చేసింది. చిత్తూరులో నేను పనిచేసే హైస్కూల్లో అప్పుడే మధ్యాహ్నం బెల్లు కొట్టారు. నేను క్యారియర్ విప్పుతున్నాను.

"అక్కా, బిడ్డకు కాళ్ళు కిందికుండాయంట. కడుపు కొయ్యాలంట. నాకు బయంగా ఉండాది."

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు నా చెవుల్లో ఉంది.

"ఓసి పిచ్చిదానా, నేను పుట్టలా అట్ల? నాకేమైంది? గుండ్రాయి మాదిరి ఉండాను. గమ్మునుండు, ఏం కాదు."

అటు నుంచి అదీ నవ్వింది. "నువ్వు చెప్పినావు కదా, ఇంక బయం లేదులే" అంది. పక్కనున్న అమ్మ ఫోన్ అందుకుంది. "నేనూ అదే చెప్తా ఉండా. నిన్ను ఇంట్లోనే కంటిని గదా. కడుపు కోపిచ్చుకునేదానికి అంత తొందరేముండాది?"

నేను సైన్సు టీచర్ని. ఒక్క ఉదాహరణ చూసి సూత్రం రాయొద్దని పిల్లల మీద అరిచేదాన్ని. ఆ ఒక్క ఉదాహరణ నేనే అయ్యేసరికి చదువు ఎటు పోయిందో తెలియదు. ఊరంతా నా కాళ్ళ కింద పడుకుని పెంచిన గర్వం అది. ఆ రోజు అదే మాట్లాడింది.

సోమవారం వచ్చింది, పోయింది. నొప్పులు మొదలయ్యాకే పోదామనుకున్నారు ఇంట్లో. బుధవారం సాయంత్రం నేను సెలవు పెట్టి పల్లెకు వచ్చాను. మరునాడు పొద్దున ఏడు గంటలకు చెల్లెలు పెరట్లో పళ్ళు తోముకుంటుంటే ఉమ్మనీరు పోయింది. నొప్పులు లేవు కదా అని మేమెవ్వరం పెద్దగా కంగారు పడలేదు. నాయన కారు మాట్లాడడానికి బస్టాండు దగ్గరికి వెళ్ళాడు. అమ్మ దీపం పెట్టింది. ఆసుపత్రిలో ఎన్నాళ్ళుండాలో, తల చిక్కుపడిపోతుందని నేను చెల్లెల్ని కూర్చోబెట్టి, నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేశాను. అరగంట పట్టింది. ఆడపిల్లయితే ఏ పేరు, మగపిల్లాడైతే ఏ పేరు అని అది నా మోకాళ్ళ మధ్య కూర్చుని చెబుతూనే ఉంది. జడలు వేసి లేపాక, నిలబడి, "అక్కా, ఏందో జారినట్టుండాది" అంది.

జారింది బొడ్డుతాడు.

కారు చంద్రగిరి దాటేసరికి దానికి నొప్పులు మొదలయ్యాయి. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, "బిడ్డ కదల్లేదు అక్కా" అని ఒక్కసారే అంది. "నిద్రపోతా ఉంటాదిలే" అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

తిరుపతిలో దిగీ దిగగానే దాన్ని లోపలికి పరుగున తీసుకెళ్ళారు. ఏ ఆపరేషన్‌కు భయపడిందో ఆ ఆపరేషనే చేశారు. పాప. ఏడవలేదు. చాలాసేపు ఏవేవో చేసి చూశారు. తర్వాత నర్సు గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. మొహం కంటే ముందు నేను గుడ్డ తప్పించి కాళ్ళు చూశాను. ఎడమ మడమ నా బొటనవేలంత కూడా లేదు.

డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది. "తల కిందికుంటే అదే దారిని మూసేస్తుందమ్మా, తాడు జారడానికి సందుండదు. కాళ్ళు సన్నం. నీళ్ళు పోయినప్పుడు పక్కనుంచి తాడు జారిపోతుంది. అది నలిగితే బిడ్డకు ప్రాణవాయువు అందదు. అందుకే నొప్పుల కంటే ముందే రమ్మన్నాను. సోమవారం ఎందుకు రాలేదు?"

అమ్మ తల వంచుకుంది. నేనే చెప్పాను. "నేనూ ఎదురుకాళ్ళతోనే పుట్టాను మేడమ్. నాకేం కాలేదు కదా అని..."

ఆమె నా వైపు తిరిగింది. "మీలాగే పుట్టి పోయినవాళ్ళు వచ్చి చెప్పలేరు కదమ్మా" అంది.

ఇంటికొచ్చాక అమ్మను అడిగాను, నేను పుట్టినప్పుడు అసలేం జరిగిందని. "నల్లబడిపోయి ఉండావు. మంత్రసాని నిన్ను చాటలో ఏసి పక్కన పెట్టేసింది. మీ అవ్వ నీళ్ళు చల్లి రుద్దితే అప్పుడు ఏడిసినావు" అంది. అన్నేళ్ళలో ఆ ముక్క ఒక్కసారీ నాకు చెప్పలేదు. దాచిందని అనను. బిడ్డ బతికి, ఊళ్ళో పేరు తెచ్చుకున్నాక చాట సంగతి ఎవరికి కావాలి?

ఆ తర్వాత నేను ఎవరికీ తొక్కలేదు. ఎవరైనా వస్తే మోకాలి నొప్పని అబద్ధం చెప్పేదాన్ని. చెల్లెలికి మళ్ళీ కడుపు నిలవలేదు. ఇన్నేళ్ళలో అది నన్ను ఒక్క మాట అనలేదు. అంటే కాళ్ళు పట్టుకుందామని కాచుకున్నాను. అనలేదు.

మొన్న ఇద్దరం పుట్టింట్లో కలిశాం. ఆదివారం పొద్దున, నేనింకా కాఫీ కూడా తాగకముందే, అది వసారాలో చాప పరుచుకుని బోర్లా పడుకుంది.

"అక్కా, నడుము పట్టుకునింది. తొక్కు."

"నేనిప్పుడు ఎవరికీ తొక్కేదిలేదు. నీకు తెలుసు గదా."

"తెలుసు. నాకు తొక్కు."

కాళ్ళు కడుక్కొచ్చాను. ఎడమ మడమ దాని నడుముకు ఆనించాను. మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరం మాట్లాడలేదు. మూడోసారి అయ్యాక అది లేవాలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. లేవలేదు. మొహం చాపలోనే పెట్టుకుని అంది.

"పాప ఉంటే ఈపాటికి ఆరేళ్ళు నిండేవి గదక్కా. దానిచేతనే తొక్కిచ్చుకునేదాన్ని."