చెవి మీద గాటు

ఊరికే ఇస్తామంటే నేను ఎవరినీ నమ్మింది లేదు. తొంభైల మొదట్లో ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు మా చుట్టూ అన్నీ ఖాళీ ప్లాట్లే. నేను నాచారం ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతే నా భార్య పొద్దంతా ఒక్కతే. పిల్లలు లేరు. కుక్క కావాలని ఏడాది పాటు అడిగింది. చివరికి ఎవరో చెబితే జంతువుల షెల్టర్‌కి ఇద్దరం పోయాం.

అక్కడ ఆమె చూపు ఒక గోధుమరంగు పొట్టి కుక్క మీద నిలిచింది. ఏ జాతో చెప్పలేం. మూతి నక్కది, కాళ్లు మేకపిల్లవి. షెల్టర్‌వాళ్లు పైసా అడగలేదు. అదే నా మొదటి అనుమానం. రెండోది, సంతకం పెట్టమన్న కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు చదివి తెలుగు, మిషన్ల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ని. అలాంటివాడి చేత చదవకుండా సంతకం పెట్టించాలని చూసినవాళ్లు నా బతుకులో చాలామంది. అందుకే చివరి మాట దాకా చదివేవరకు పెన్ను ముట్టలేదు. వాళ్లు గడియారం చూసుకున్నారు. చూసుకోనీ.

ఇంటికి వచ్చాక కనిపించింది: దాని ఎడమ చెవి అంచున చిన్న గాటు. కొలిచి కత్తిరించినట్టుంది.

ఫ్యాక్టరీలో నా పని చెకింగ్. కొలతకు రాని ఇనుప ముక్క మంచివాటిలో కలవకుండా దాని అంచున ఆకురాయితో గాటు పెట్టేవాణ్ని. గాటు పడిందంటే ఆ ముక్క ఇక తుక్కే.

“మనకు రిజెక్టు మాల్ అంటగట్టిన్రు,” అన్నాను.

“కుక్కల రిజెక్టేంది? అన్నం తింటది, తోక ఊపుతది. ఇంకేం గావాలె?”

“గాటు ఊకె పెట్టరు. పిచ్చి ఉన్నదో, చెవుడున్నదో.”

“చెవుడు మీకున్నది. ఏడాది సంది కుక్క గావాలంటే ఇనవడలే.”

వారం రోజులు దాన్ని కనిపెట్టుకుని ఉన్నాను. చాటునుంచి పళ్లెం కొట్టాను, తల తిప్పింది. పిచ్చి ఉంటే తాగదని నీళ్లు పెట్టాను, తాగింది. అన్నీ సరిగ్గా ఉండేసరికి అనుమానం ఇంకా పెరిగింది. కంటికి దొరకని లోపమే ఎక్కువ నష్టం చేస్తుందని చెకింగ్ చేసేవాడికి తెలుసు. ఈలోపు అది ఆమె కుచ్చిళ్లు పట్టుకుని తిరుగుతోంది. ఆమె వంట చేస్తూ దానితో ముచ్చట్లు పెడుతోంది. ఇంకా ఆగితే విడదీయలేనని ఆదివారం దాన్ని బుట్టలో పెట్టి సైకిలుకు కట్టాను. ఆమె అడ్డం రాలేదు.

“తోల్కపోతే తోల్కపోన్రి. ఇంకో కుక్క మాత్రం నాకొద్దు,” అని లోపలికి పోయింది.

షెల్టర్‌లో డాక్టరమ్మకు చెవి చూపించి నిలదీశాను. ఆమె నవ్వింది.

“పిల్లలు గాకుండ ఆపరేషన్ జేసినం అన్నా, పిచ్చికుక్క టీకా గూడ ఏసినం. మళ్ల దాన్నే ఆపరేషన్‌కు పట్టుకరావద్దని గుర్తు. పాసైనట్టు.”

“పాసైనదానికి గాటు పెడ్తరా ఎవరన్న? ముద్ర ఎయ్యాలె.”

“చెవి మీద ముద్ర ఎన్నొద్దులుంటదన్నా?”

నా కోపం తగ్గలేదు. అంత పెద్ద ఇంగ్లీషు కాగితంలో ఈ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? తెలుగులో రాసిమ్మన్నాను. రాసి, సంతకం పెట్టింది. ఆ చీటీ ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

నేను ఇంటికి వచ్చేసరికి నా భార్య గేటు దగ్గరే నిలబడి ఉంది. సైకిలు ఆపకముందే బుట్టలో చేతులు పెట్టి కుక్కను తీసుకుంది. చీటీ చూపించాను, చూడలేదు. దాని కుడి చెవి ఎత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

“ఏం జూస్తున్నవే?”

“మీరు ఇంకో గాటు పెట్టుకొచ్చిన్రేమో అని.”