పసుపు పూసిన కవరు

అరవైల్లో మాట. మాచర్ల నుంచి వచ్చే రైల్లో, నడికుడిలో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. నా చేతిలో నాలుగు మూలలా పసుపు పూసిన కవరు చూసి, "పెళ్ళి ఎవరికమ్మా?" అంది.

"పెళ్ళి కాదు పెద్దమ్మా. మద్రాసులో డాక్టరు చదువుకి సీటిచ్చారు. మా జిల్లాలో ఇంకెవరికీ రాలేదు. అంత దూరమంటే భయమేసి, రాలేనని జవాబు రాశా. నరసరావుపేటలో పోస్టు చేద్దామని వెళ్తున్నా."

"మరి పసుపేంది?"

"అమ్మకి చదువు రాదు. వస్తానని రాశాననుకుని పూసింది."

ఆవిడ కవరు తీసుకుని కొంగుతో మూలలు తుడిచింది. పసుపు పోకపోగా కవరంతా పాకింది.

"రానని చెప్పేదానికి ఇది ఉండకూడదు. ఏం చేసినా పోవట్లా," అంటూ నా చేతిలో పెట్టింది.

నరసరావుపేటలో దిగి కొత్త కవరు కొన్నాను. వస్తున్నానని రాశాను. దానికి పసుపు పూయలేదు. నా వేళ్ళకున్నదే అంటుకుంది.