మా ఆయన తాగుబోతు కాడు

ముందే చెప్పేస్తాను. మా ఆయన తాగుబోతు కాడు. ఎప్పుడూ కాడు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ ఒక్క మాట మాత్రం దిద్దొద్దు.

మేముండేది కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క వీధిలో. ఆయన పోర్టులో లారీల మీద బరకాలు, అంటే టార్పాలిన్లు, కట్టేవాడు. బొగ్గు లారీ నిండగానే పైకెక్కి, బరకం పరిచి, తాళ్ళు బిగించి దిగాలి. గాలి రోజుల్లో బరకం మనిషిని కూడా లాక్కుపోయేలా ఎగురుతుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉండేది. మా ఆడపిల్లలిద్దరూ నాన్న ముస్తాబై వచ్చాడని నవ్వేవారు. ఆయన కూడా నవ్వి, వాళ్ళ బుగ్గలకి ఇంత మసి రాసి స్నానానికి వెళ్ళేవాడు.

చనిపోయాడు కదా అని అన్నీ మంచే రాయను. ఆయన పిసినారి. గోపాలపట్నం సంతకి బస్సెక్కకుండా నన్ను నడిపించేవాడు. కోపమొస్తే మాట్లాడ్డం మానేసేవాడు. పోట్లాడినా బాగుండును అనిపించేది. ఆదివారం ఆరాధన నుంచి వస్తూ నెత్తళ్ళ చేపలు కొనేవాడు. నేను తోమితే ఇసక మిగిలిపోతుందని వంక పెట్టి, తెల్ల చొక్కా విప్పి దండెం మీద వేసి తనే తోమేవాడు. అది మాత్రం నేను కాదనలేదు.

ఆయన పుట్టింది పద్మనాభం వైపు పల్లెలో. వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు. ఆ ఇంట్లో ఎవరూ చర్చి గుమ్మం ఎక్కినవాళ్ళు కాదు. పనిలో ఒకాయన పిలిస్తే ఒక ఆదివారం వెళ్ళాడు. వచ్చి నాతో చెప్పింది దేవుడి గురించి కాదు. అక్కడ మేస్త్రీ, కూలీ ఒకే చాప మీద కూర్చున్నారని చెప్పాడు. తరవాత ఆదివారం నన్నూ తీసుకెళ్ళాడు. అలా అలవాటై, బాప్తిస్మాలు కూడా తీసుకున్నాం. చప్పట్లు కొడితే ఆయన చప్పట్లు ఎప్పుడూ ఒక దెబ్బ వెనకే. ప్రార్థన పొడుగైతే గోడకానుకుని కునుకు తీసేవాడు. అయినా ఒక్క ఆదివారం మానలేదు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడం ఉంటుంది. లేచి నిలబడి, నేను ముందు ఎలాంటివాణ్ణి, ప్రభువు నన్నెలా మార్చాడు అని చెప్పాలి. కత్తి పట్టుకుని తిరిగినాయన ఒకరున్నారు. ఆయన లేస్తే అందరూ వెన్ను నిటారు చేసుకుని వినేవారు. ఎంత పెద్ద పాపం చెబితే సంఘంలో అంత పెద్ద మర్యాద, నేను చూసింది అదే. మా ఆయన వంతు వచ్చింది. లేచి నిలబడి, "నానేటి సెప్తానండి. పనికెల్తాను, ఇంటికొత్తాను, బువ్వ తింటాను. దేవుడు బానే సూత్తన్నాడు," అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు. పాస్టరు గారిది గోదావరి వైపు, మాట మెత్తగా ఉంటుంది. అందరం పాపులమే బ్రదర్, బాగా ఆలోచించుకుని వచ్చే వారం చెప్పండి అన్నారు.

ఈయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటే, నాను సేసిన పాపాలేటి?"

"నన్ను మా అమ్మోలింటికి పంపకపోడం ఒకటి."

"అది సంఘంలో సెప్పీది కాదే."

చివరికి ఒకటి దొరికింది. చిన్నప్పుడు ఊళ్ళో ఒక ముంత తాటికల్లు తాగి, కక్కేసి, అమ్మ చేత దెబ్బలు తిన్నాడు. ఆ తరవాత ఆదివారం అది చెప్పాడు. పాస్టరు గారు సంతోషించారు.

ఆ ముంత అక్కడితో ఆగితే నాకీ రాతే లేదు. పాస్టరు గారు ఆ మాట సువార్త కూడికల్లో చెప్పడం మొదలుపెట్టారు. మొదట కల్లు తాగాడన్నారు. కొన్నాళ్ళకి కల్లుకి బానిస అన్నారు. తరవాత కల్లు పోయి సారా వచ్చింది. ఒక కూడికలో మురుగు కాలవలో పడి ఉండేవాడని చెప్పారు. ఇంకొక కూడికలో భార్యని కొట్టేవాడని కూడా వచ్చింది. ఆ భార్యని నేనే, అక్కడే ముందు వరసలో కూర్చుని ఉన్నాను. ఇంటికొచ్చి గిన్నెలన్నీ గట్టిగా పెట్టాను.

"పోనీయే," అన్నాడాయన. "నా కత విని ఒక్కడు మానినా నాకేటి నట్టం?"

"నట్టం నాకు. తన్నులు తిన్నాది నానంట గదా."

ఆయన పడీ పడీ నవ్వాడు. పాస్టరు గారి దగ్గరికెళ్ళి అడగమంటే మాత్రం కదల్లేదు. అంత మందిలో ఆయన పరువు తీస్తామా అన్నాడు. మరి నీ పరువో అంటే తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

మా మావగారు తాగి తాగి చనిపోయారు. ఆ తరవాత మా అత్తగారు కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి, మందు ముట్టకూడదని మాట తీసుకుంది. ఈ సంగతి నాకు పెళ్ళైన కొత్తలోనే ఆయన చెప్పాడు. ఆ మాట ఆయన తప్పలేదు. తప్పలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఇది నాకు నవ్వుతాలు కాదు.

తరవాత ఆయనకి కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఎంత తాగుతాడని అడిగింది. తాగడండీ అన్నాను. పరీక్షలు చేయించాక ఆవిడే చెప్పింది. రక్తంలో చేరిన జబ్బట, తాగకపోయినా లివర్ని తినేస్తుందట. డాక్టరమ్మ నమ్మింది కానీ వీధి నమ్మలేదు. కుళాయి దగ్గర ఆడాళ్ళు నన్ను చూసి మాట మార్చేవారు. మా బావగారు, అంటే ఆయన అన్నగారు, ఊరి నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని తమ్ముడి మొహంలోకి చూడలేదు. వరండాలోకి వచ్చి, "ఎప్పట్నించమ్మా ఈడికి తాగుడు?" అన్నారు. తాగడు బావగారూ అన్నాను, డాక్టరమ్మ మాట కూడా చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అమ్మకి మాటిచ్చినాడు," అని మాత్రం అన్నారు.

మా ఆయన పోయాక మా పద్ధతిలోనే సమాధి చేశాం. కొన్నాళ్ళకి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. బావగారు వచ్చారు. జన్మలో మొదటిసారి చర్చిలో అడుగు పెట్టి, వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. పాస్టరు గారు మైకు తీసుకుని మా ఆయన మంచితనం చెప్పారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. అంతలోనే ఆ కథ మొదలైంది. సారా వచ్చింది, కాలవ వచ్చింది, నన్ను కొట్టడం వచ్చింది. ప్రభువు ఆత్మని రక్షించినా, పాత పాపం శరీరాన్ని వదల్లేదు, చివరికి ఆ తాగుడే తీసుకుపోయింది అన్నారు. వెనక్కి చూశాను. బావగారు తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోబోతున్నారు.

నేనూ లేచాను. మా సంఘంలో అలాంటి కూడికలో ఆడవాళ్ళు పాట పాడతారు తప్ప మాట్లాడరు.  కానీ బావగారు ఆ గుమ్మం దాటితే ఆ కథ ఊరికి వెళ్ళిపోతుంది. ఇంక నా జన్మలో వెనక్కి తీసుకురాలేను.

"అయ్యగారూ, ఆగండి. మా ఆయన తాగుబోతు కాడు. సిన్నప్పుడు ఒక్క ముంత కల్లు తాగినాడు. అదీ కక్కేసినాడు. నన్నెప్పుడూ కొట్టలేదు. ఆయనకొచ్చింది తాగుడు జబ్బు కాదు."

పాస్టరు గారు మెత్తగానే అన్నారు. "మీరు దుఃఖంలో ఉన్నారమ్మా, కూర్చోండి. ప్రభువు మహిమ కోసమే చెప్తున్నాను."

"దేవుడి మహిమకి మా ఆయన్ని తాగుబోతుని సెయ్యక్కర్లేదండి."

 తలుపు దగ్గర నుంచి బావగారి గొంతు వినబడింది. "ఆ ముంత నానే ఇచ్చినాను. మా నాన్న దాసుకున్నది. అమ్మ ఇద్దర్నీ కొట్టింది."

అప్పుడు మగాళ్ళలోంచి ఒకతను లేచాడు. మా ఆయనతో బరకాలు కట్టినవాడు. ఒకప్పుడు నిజంగా తాగి పడిపోయేవాడు, మానేశాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "అక్కా, నాను మీ ఆయన కత ఇనే కదా మానినాను. అది అబద్దమైతే మరి నా మాట ఏటి?"

ఇది నేను అనుకోలేదు. ఒక్క క్షణం మా ఆయన మాటే గెలిచిందా అనిపించింది. ఒక్కడు మానినా చాలన్నాడు కదా. కానీ నాకు తెలిసింది వేరు.

"కత ఇని మానినావా? జీతాల రోజున నీ కూడా ఎవులొచ్చీవోరు?"

 అతను నాతో కాదు, బావగారి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. జీతాల రోజున మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి, వైన్ షాపు దాటేదాకా తియ్యకుండా నడిచేవాడట. తిట్టినా పలికేవాడు కాదట. ఇంటిదాకా వెళ్ళి, అతని భార్య చేతి టీ తాగి గానీ వచ్చేవాడు కాదట. "ఆ సెయ్యి బరువండి," అన్నాడు. "వొదిలించుకోలేపోయినాను." ఆ రోజుల్లో ఆలస్యంగా వచ్చి అన్నం కొంచెమే తినేవాడని నేను సణిగేదాన్ని. ఇతన్ని దింపొచ్చానని మాత్రం చెప్పేవాడు.

భోజనాలయ్యాక బావగారు నా దగ్గరికి వచ్చారు. ఇలాంటి చోట నువ్వెందుకమ్మా, పిల్లల్ని తీసుకుని ఊరొచ్చేయ్, మన పద్ధతిలో కర్మ చేయించుకుందాం అన్నారు. రానన్నాను. ఆయన ఇష్టపడి వచ్చిన చోటు ఇది, ఆయన్ని ఇక్కడే పెట్టాం, నేనూ ఇక్కడే ఉంటాను అన్నాను. బావగారికి నచ్చలేదు. అయినా ఆటో ఎక్కబోతూ ఆగి, "అయితే తాగలేదు," అన్నారు. లేదండీ అన్నాను. ఎక్కి కూర్చున్నాక మళ్ళీ, "తాగలేదు కదమ్మా," అన్నారు. ఆయన ఏడవడం అప్పుడే చూశాను.

పాస్టరు గారు తరవాత ఇంటికొచ్చారు. మీ ఆయన ఎప్పుడూ కాదనలేదమ్మా, అందుకే నిజమనుకున్నాను అన్నారు. అదీ నిజమే. ఆయన కాదనలేదు, నన్నెవరూ అడగలేదు. సంఘం వార్షికోత్సవానికి పుస్తకం వేస్తున్నాం, ఆయన గురించి మీరే రాయండి, ముందెలా ఉండేవారో, రక్షణ పొందాక ఎలా మారారో రాసి నాకొకసారి చూపించండి అన్నారు.

రాశాను. ముందూ తరవాతా అని రెండు ముక్కలు చెయ్యడానికి నాకేం దొరకలేదు. చర్చికి రాకముందు ఎలా ఉన్నాడో, వచ్చాకా అలాగే ఉన్నాడు. అలాంటి మనిషికి కూడా దేవుడి దగ్గర చోటుంటుందనే నా నమ్మకం. పాస్టరు గారికి చూపించలేదు. పుస్తకం పని చూస్తున్న పెద్దాయన చేతిలో పెడుతున్నాను. ఇందులో ఒక్క మాట తీసేసినా, ఈసారి మైకు అడిగి మరీ చదువుతాను.