హనుమంతప్పను పడవ ఎక్కించిన పాపం

ఒక మంచి మనిషిని ఆయన సంతాప సభలోనే అమెరికావాడిని చేసిపారేసిన ఘనత నాది. నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అప్పుడు నేను కళ్యాణదుర్గంలో చరిత్ర లెక్చరర్ని. మా ఊరి మాజీ సర్పంచ్ హనుమంతప్ప చనిపోయాడు. ఆయన భార్య లక్ష్మక్క నా దగ్గరికి వచ్చింది.

"సారూ, సభలో నువ్వే మాట్లాడల్ల. బోరు సంగతి ఒక్కటి చెప్పు, చాలు. అది ఎస్సీ కాలనీలో వేయించినందుకే మా వీధోళ్లు ఓడగొట్టినారు. ఏదో తప్పు చేసి ఓడిపోయినాడని ఇప్పటి పిల్లోళ్లు అనుకుంటాండారు."

"చూస్తాలే లక్ష్మక్కా" అన్నాను.

బోరు! అంత పెద్ద సభలో గొట్టాల గురించి మాట్లాడటమా? ఆ నెల నేను పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా నాయకుడొకరి జీవితచరిత్ర చదువుతున్నాను. (పేరు చెప్పను. నావల్ల ఆయనకు జరిగిన నష్టం చాలు.) చెక్క గుడిసెలో పుట్టడం, పడవ నడిపి పొట్టపోసుకోవడం, లాయరు కావడం, ఎన్నికల్లో ఓడి మళ్లీ గెలవడం. అద్దెకు తెచ్చిన షేర్వాణీలా ఆ జీవితాన్ని హనుమంతప్పకు తొడిగేశాను.

"పొంగే నదిలో ఒంటరిగా పడవ నడిపిన ధీరుడు మన హనుమంతప్ప!" అని మైకులో గర్జించాను.

ముందు వరసలో హనుమంతప్ప వీధి ముసలాయన లేచాడు. "ఏ నదప్పా?"

"మన... పెన్నా."

"పెన్నాలో పడవ యాడ పోతాదప్పా? ఆడ పోయేది ఇసక ట్రాక్టర్లు కదా!"

సభంతా ఘొల్లుమంది. నీళ్లు లేని చోట మునిగిపోయిన మొదటి మనిషిని నేనే అయివుంటాను. లక్ష్మక్క మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

అప్పుడు కాలనీ మారెక్క లేచింది. "పడవ గిడవ నాకు తెల్దు సారూ. కరువులో ఆయప్ప వాళ్ల వీధిలో వేసుకోకుండా మా కాడ బోరు వేయించినాడు. దానికే ఓట్లు పోగొట్టుకున్నాడు. ఇది చెప్పేదానికి నీకు నోరు రాలేదా?"

ఎవరూ నవ్వలేదు. ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిజమే. మేమే ఓడగొట్టినాం" అన్నాడు.

నేను మైకు వదిలి లక్ష్మక్క దగ్గరికి వెళ్లాను. "తప్పయింది లక్ష్మక్కా. నేను చెప్పింది అమెరికాలో ఎప్పుడో పోయిన ఒకాయన కథ."

ఆమె కొంగు సర్దుకుంది. "పోనీలే సారూ. ఆ అమెరికా ఆయప్ప పెండ్లాం యాడుండాదో గానీ, ఆయమ్మకు చెప్పు. మొగుని సావుకు మా ఊరంతా వచ్చిందని."

అందుకే ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై పోయినవారి గురించి నోరు విప్పేముందు వాళ్లింట్లో కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, అడిగి తెలుసుకుంటాను. అనంతపురం నేల మీద మళ్లీ ఎవరినీ పడవ ఎక్కించను.